కంటినిండా నిద్ర పట్టాలంటే

సంపాదకులు గారికి నమస్కారాలు.

సంతోషం మన చేతుల్లోనే ఉందనీ, మనసును అదుపులో పెట్టుకున్నవాడికి ఏ లోటూ ఉండదనీ చెప్పే వ్యాసాలు ఇటీవల పత్రికల్లో తరచుగా వస్తున్నాయి. కొద్ది వారాల క్రితం హనుమకొండలో విశ్రాంత ఉద్యోగుల కోసం జరిగిన ఒక సభలో వక్త గంటసేపు ఇదే చెప్పారు. సభ ముగిసి బయట టీ తాగుతున్నప్పుడు మా మిత్రులు దానికి పూర్తిగా ఎదురు మాట అన్నారు: రోడ్లు, నాలాలు, దవాఖానలు బాగుంటే మనుషులు వాళ్ళంతట వాళ్ళే బాగుంటారు, అవి బాగా లేనప్పుడు మనం చేయగలిగింది ఏముంది అని. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు చెప్పి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న నాకు ఈ రెండు మాటల్లోనూ ఒకే దోషం కనిపించింది. మొదటిది సమాజం చేయవలసిన పనిని మనిషి నెత్తిన వేస్తుంది, రెండోది మనిషి చేయవలసిన పనిని ప్రభుత్వం నెత్తిన వేస్తుంది. హాయిగా బతకడానికి మనిషి తన వంతుగా చేసుకోవలసినవి వేరు, సమాజం సమకూర్చవలసినవి వేరు, అవి ఒకదానికొకటి బదులు రావు. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు కాబట్టి, తెలుసుకున్న తీరును మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊరు పరకాల వైపు. కాళ్ళకు మొక్కిన పిల్లలను మా అమ్మ "కడుపునిండ తిను బిడ్డా, కంటినిండ నిద్రపో" అని దీవించేది. చిన్నప్పుడు అది అందరూ ఇచ్చే మామూలు దీవెనే అనుకునేవాణ్ణి. మనిషి బాగా బతుకుతున్నాడా లేదా అని చూడటానికి అంతకన్నా సరైన కొలత నాకు ఇంతవరకు దొరకలేదు. అప్పు పెరుగుతున్నవాడికి నిద్ర పట్టదు. కూతురు అత్తగారింట్లో ఎట్లా ఉందో తెలియని తల్లికి నిద్ర పట్టదు. వాన పడితే ఇంట్లోకి నీళ్ళు వస్తాయని తెలిసినవాడు మబ్బు పట్టగానే లేచి కూర్చుంటాడు.

మా బాపుకు నిద్ర పట్టని ఏడు 1997-98. ఆ ఏడు వరంగల్ జిల్లాలో పత్తిని లద్దెపురుగు తినేసింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. మందులు అమ్మే దుకాణం వాడే అప్పు ఇచ్చేవాడు, ఏ మందు కొట్టాలో చెప్పేదీ అతనే, పంట చేతికి వస్తే అప్పు కింద కొనేదీ అతనే. మిత్తి నూటికి మూడు రూపాయలు. మూడెకరాల చెలక మీద ఎంత అప్పయిందో బాపు ఎవరికీ చెప్పలేదు. రాత్రిపూట వాకిట్లో నులకమంచం మీద కూర్చొని, దస్తీలో మూట కట్టిన చీటీలను ఒక్కొక్కటిగా తీసి చూసి మళ్ళీ మడిచి పెట్టుకునేవాడు. ఆయనకు చదువు రాదు. ఏ చీటీ ఏ మందుదో కాగితం రంగును బట్టి గుర్తు పెట్టుకున్నాడు.

ఆ ఏడు మా జిల్లాలో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళకు ధైర్యం చాలలేదని అన్నవాళ్ళను అప్పుడూ విన్నాను, ఇప్పుడూ వింటున్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మా బాపు వాళ్ళకన్నా ధైర్యవంతుడేమీ కాదు. సెలవులకు నేను ఊరికి వెళ్ళిన ఒక రాత్రి ఆయన ఆ దస్తీ మూట నా ముందు పెట్టి మొత్తం అప్పు ఎంతో లెక్క కట్టమన్నాడు. కొడుకు ముందు చేతకానివాడిగా కనిపించడం ఆ తరం మగవాళ్ళకు ఎంత కష్టమో తెలిసినవాళ్ళకు, ఆ మూట విప్పడానికి ఆయన ఎంత నలిగిపోయి ఉంటాడో అర్థమవుతుంది. అది ఆయన తన కోసం తాను చేసుకున్న పని, ఇంకెవరూ చేయలేని పని. అయితే ఆ లెక్క విన్న కొడుక్కు నెలనెలా జీతం వస్తుండటం ఆయన చేతిలో ఉన్నది కాదు. పక్కింటి పెద్దాయన బీడీ కట్ట పట్టుకొని రోజూ రాత్రి వచ్చి, బాపు నడుం వాల్చేదాకా ఏదో ఒక ముచ్చట చెబుతూ కూర్చోవడమూ ఆయన చేతిలో ఉన్నది కాదు. జీతం వచ్చే కొడుకు లేని ఇంట్లో మూట విప్పి మాత్రం ఏం లాభం ఉండేది? ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది.

దానికి జవాబు నాకు మా ఊరికి మరీ దూరం కాని చోటే కనిపించింది. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్న భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారి చొరవతో రైతుల సహకార సంఘం మొదలైంది. రైతులే సభ్యులు, రైతులే యజమానులు. పంట అప్పు, విత్తనం, ఎరువు ఇచ్చేదీ, పండిన పంటను కొనేదీ సంఘమే. మా బాపుకు దుకాణం వాడు ఒక్కడే అన్నీ అయినట్టు, అక్కడ సంఘం అన్నీ అయింది. తేడా ఏమిటంటే ఆ సంఘం లెక్కలు సభ్యులు అడగగలిగిన లెక్కలు. తర్వాతి కాలంలో అదే ముల్కనూరులో మహిళలు పాల సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ పాలు 'స్వకృషి' పేరుతో అమ్ముడవుతాయి. ఆ పేరు నాకు ఎంతో నచ్చుతుంది, కానీ ఆ పేరును సగమే అర్థం చేసుకునేవాళ్ళున్నారు. ఒక్క బర్రె ఉన్న ఆడమనిషి ఎంత కష్టపడినా ఒంటరిగా పాల ధర నిర్ణయించలేదు. తెల్లవారుజామున లేచి పాలు పితకడం, అందులో నీళ్ళు కలపకపోవడం ఆమె వంతు. కొలతలో మోసం లేకుండా, వెన్న శాతానికి తగిన ధర ఆమె చేతికి వచ్చేట్టు చూడటం సంఘం వంతు. రెండింటిలో ఏది తప్పినా పాల క్యాను ఖాళీయే.

సమాజం అంటే ప్రభుత్వం ఒక్కటే కాదని చెప్పడానికి గంగదేవిపల్లి పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. గీసుగొండ మండలంలోని ఆ ఊరివాళ్ళు 1982లో తమకు తామే మద్యం వద్దనుకున్నారు. మంచినీళ్ళకు, పారిశుద్ధ్యానికి, చదువుకు వేరువేరు కమిటీలు వేసుకొని పనులు పంచుకున్నారు. తాగవద్దని ఒక మనిషికి చెప్పడం తేలిక. తాగకుండా ఉండాలనుకున్న మనిషికి ఊరంతా తోడు నిలవడం వేరే సంగతి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2004లో హనుమకొండలో రెండు వందల గజాల ప్లాటు కొన్నాను. కొనేటప్పుడు ధర అడిగాను, పత్రాలు చూశాను, తూర్పు ముఖమా అని కనుక్కున్నాను. వాన నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయని మాత్రం అడగలేదు. బడిలో పిల్లలకు కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి ఏటా చెప్పినవాణ్ణి నేను. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి పోతుందని, తూము తెరిచి వంతుల ప్రకారం నీళ్ళు వదలడానికి నీరటి ఉండేవాడని, పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు ఇప్పటికీ పంటలకు నీళ్ళు ఇస్తున్నాయని నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పాను. ఆ గొలుసులోని ఒక కాలువ మీదనే నా ఇల్లు లేచింది.

రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జూలైలో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గుడిని చూడటానికి వచ్చేవాళ్ళు పక్కనున్న చెరువు కట్ట మీద కూడా కాసేపు నిలబడితే బాగుంటుంది. పాలకులు కట్ట కట్టించారు, తూములు పెట్టించారు. ఆయకట్టు రైతులు ఎండాకాలంలో తమ కాలువలు తామే బాగు చేసుకున్నారు, తమ వంతు వచ్చేదాకా ఆగారు. కట్ట లేనిదే వంతుకు అర్థం లేదు, వంతు పాటించనివాళ్ళకు కట్ట ఉండీ లాభం లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ప్రభుత్వం చెరువుల్లో పూడిక తవ్వించింది, ఆ మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో తమ పొలాలకు తోలుకున్నారు. ఆ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే.

2020 ఆగస్టులో వానలకు మా కాలనీ మునిగింది. తెల్లవారుజామున లేచి మంచం మీంచి కాలు కింద పెడితే నీళ్ళు తగిలాయి. గంట గడిచేసరికి నడుము లోతయింది. నా భార్యది మోకాళ్ళ నొప్పుల శరీరం. ఎదురింటి మేడ మీద అద్దెకు ఉంటున్న ఒక యువకుడు నీళ్ళలో దిగి వచ్చి, ఆమెను వీపు మీద ఎక్కించుకొని వాళ్ళ మెట్లెక్కాడు. పదకొండు నెలలుగా ఎదురెదురుగా ఉంటున్నా అతని పేరు అప్పటిదాకా నాకు తెలియదు. రెండు రోజులు వాళ్ళ ఇంట్లోనే ఉన్నాం. అతని భార్య నా సర్వీసు కాగితాలను ఒక్కొక్కటిగా విడదీసి, వంటింట్లో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఆరవేసింది. ఆ కాగితాల మీద ఇప్పటికీ కొద్దిగా పోపు వాసన ఉంది. నీళ్ళు నిలిచిన గుర్తు మా హాలు గోడ మీద రంగు వేసినా పోలేదు. 2023 జూలైలో మళ్ళీ నీళ్ళు వచ్చినప్పుడు ముందుగానే సామాను అటక ఎక్కించుకున్నాం.

ఆ యువకుడి వీపు నాలా పనికి బదులు కాదు. కాలువ హద్దును చూడకుండా ఆ లేఅవుటుకు అనుమతి ఇచ్చిన కార్యాలయం తన పని సరిగా చేసి ఉంటే అతను నీళ్ళలో దిగవలసిన అవసరమే రాకపోయేది. అడగకుండా కొన్న నా తప్పు ఆ కార్యాలయం తప్పును చిన్నది చేయదు, దాని తప్పు నా తప్పును కప్పిపుచ్చదు. అయితే నాలా ఎంత వెడల్పు చేసినా, ఎదురింటివాడి పేరు తెలియకుండా పదకొండు నెలలు బతికే అలవాటును ఏ నగరపాలక సంస్థా బాగు చేయలేదు.

సమాజం మనకు ఇవ్వవలసినవే కాదు, మన మీద రుద్దకుండా ఉండవలసినవి కూడా ఉన్నాయి. మన భాషలో 'నలుగురు' అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. నలుగురిలో కలిసి బతకాలి అంటాం; నలుగురు ఏమనుకుంటారో అని భయపడతాం. ఇంజనీరింగులో సీటు రాలేదని ఇంటర్ చదివే పిల్లను చుట్టాల ముందు తక్కువ చేసి మాట్లాడేదీ, పెళ్ళికి వెయ్యి మందికి భోజనాలు పెట్టకపోతే పరువు పోయినట్టు చూసేదీ ఆ నలుగురే. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు తీర్చడానికి దుబాయి వెళ్ళి ఏడేళ్ళు ఉన్నాడు. ఆ పెళ్ళి భోజనానికి నేనూ వెళ్ళాను, వంటలు బాగున్నాయని మెచ్చుకొని వచ్చాను. ఆ మెచ్చుకోలు కూడా అతని అప్పులో ఒక భాగమేనని అప్పుడు నాకు తోచలేదు. మా ఇంట్లో చిన్నకూతురి పెళ్ళి నూట యాభై మందితో చేశాం. కొందరు చుట్టాలు నొచ్చుకున్నారు, రెండేళ్ళు మాట్లాడలేదు. ఖర్చు తగ్గిస్తే బాగుంటుందని తెలిసీ తగ్గించలేని తండ్రుల కష్టం నాకు తెలుసు కనుక, ఎవరైనా తగ్గించుకుంటే వాళ్ళ ఇంటికి వెళ్ళి మంచి పని చేశారని చెప్పి వస్తున్నాను.

మన రాజ్యాంగం ఈ రెండు వంతులనూ పక్కపక్కనే పెట్టింది. నాలుగో భాగంలోని ఆదేశిక సూత్రాలలో 41వ అధికరణం వృద్ధాప్యంలో, జబ్బు చేసినప్పుడు ప్రభుత్వ సహాయం గురించి, 47వ అధికరణం పోషకాహారం, ప్రజారోగ్యం గురించి చెబుతాయి. 43వ అధికరణం బతకడానికి సరిపోయే కూలి గురించి మాత్రమే కాక, తీరిక గురించి, సాంఘిక, సాంస్కృతిక అవకాశాల గురించి కూడా చెబుతుంది. పని చేసే మనిషికి తీరిక కూడా కావాలని ఆ పెద్దలు గుర్తుపెట్టుకోవడం నాకు ఎప్పుడు చదివినా ఆనందం కలిగిస్తుంది. ఆ వెంటనే 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన పౌరుల ప్రాథమిక విధులు ఉన్నాయి. వైద్యం విషయంలో కొంత దూరం వచ్చాం: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. మనసు కుంగిపోయినవాళ్ళు మాట్లాడటానికి 14416 అనే టెలీ మానస్ నంబరు 2022 నుంచి పనిచేస్తోంది. మా బాపు కాలంలో అటువంటిది లేదు. నంబరు ఉన్నా దస్తీ మూట విప్పవలసింది మాత్రం మనిషే. విప్పినవాణ్ణి చేతకానివాడని అనకుండా ఉండవలసింది మనం.

కూర్చోవడానికి చోటు కూడా మనిషి అవసరమే. 1904లో, తెలుగు చదువుకు ఆదరణ లేని నిజాం రాజ్యంలో, హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలిసింది. ఇప్పుడు మనం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అయినా గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునే పిల్లలు టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా పట్టుకొని గ్రంథాలయం తలుపులు తీయకముందే వచ్చి నిలబడుతున్నారు, ఆలస్యమైతే కుర్చీ దొరకదు. అద్దె గదిలో నలుగురు సర్దుకొని ఉండే పిల్లకు ఆ కుర్చీ ఎంత విలువైనదో సొంత ఇల్లున్న మనకు తెలియదు. కుర్చీ దొరికితే పొద్దంతా చదవడం ఆ పిల్ల వంతు, అందులో ఆమె ఏమీ తక్కువ చేయడం లేదు. కుర్చీలు వేయడం మన వంతు. పిల్లలు ఎదిగి వెళ్ళిపోయాక ఇళ్ళల్లో వాడని బల్లలు, కుర్చీలు మా కాలనీలోనే ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. మా కమ్యూనిటీ హాలు నెలలో ఇరవై రోజులు తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీయించే పనిలో నేనూ మరో ఇద్దరం ఉన్నాం.

చివరగా మా వీధిలో జరిగిన ఒక సంగతి. కొడుకు అమెరికాలో ఉన్న ఒక పెద్దాయన మాకు నాలుగిళ్ళ అవతల ఒంటరిగా ఉంటారు. ఒకరోజు తెల్లవారుజామున స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగి లేవలేకపోయారు. పాల ప్యాకెట్ గేటుకు తగిలించిన సంచిలోనే ఉండిపోయింది. ఆ ముందు నుంచి పొద్దున నడకకు పోయినవాళ్ళం కనీసం పదిమందిమి, అందులో నేనూ ఉన్నాను. ఎండ ఎక్కి ప్యాకెట్ ఉబ్బిపోయాక, చెత్త బండి అమ్మాయి చూసి, సార్ ఇంకా పాలు తీసుకోలేదేమిటని తలుపు కొట్టింది. అప్పటికి పది గంటలు దాటింది. ఆపరేషన్ అయి ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. ఆ చట్టం ద్వారా భృతి ఇప్పించవచ్చు, పలకరింపు ఇప్పించలేం. ఆ పెద్దాయనకు భృతి అక్కర్లేదు, కొడుకు నెలనెలా పంపుతూనే ఉన్నాడు.

అప్పటి నుంచి మా వీధిలో ఒంటరిగా ఉండే ఐదుగురు పెద్దల ఇళ్ళ ముందు, ఎనిమిది గంటలు దాటినా పాల ప్యాకెట్ అట్లాగే ఉంటే తలుపు కొట్టాలని వంతులు వేసుకున్నాం. అందులో ఒకామెకు మొదట ఇది నచ్చలేదు, తనను జబ్బు మనిషిలా చూస్తున్నారని కోపం వచ్చింది. ఆమె చెప్పిందీ సబబే అనిపించి, ఆమెకు కూడా వంతు ఇచ్చాం. ఇప్పుడు ప్రతి గురువారం మిగతా నాలుగు ఇళ్ళూ ఆమే చూసి వస్తుంది.

మీ పత్రికను ఒక్కటి కోరుతున్నాను. వరంగల్, హనుమకొండ చుట్టూ ఉన్న ప్రతి చెరువు పూర్తి నీటిమట్టం హద్దులనూ, నాలాలు పోయే దారినీ, వాటి సర్వే నంబర్లతో సహా జిల్లా పేజీలలో వారానికొక చెరువు చొప్పున ప్రచురించండి. ప్లాట్ల ప్రకటనలు అచ్చయ్యే పేజీకి ఎదురుగా అది కూడా ఉంటే, కొనేవాళ్ళు నాలాగా అడగడం మరిచిపోరు. మా కాలనీ మీదుగా పోయే కాలువ పటం కోసం సమాచార హక్కు చట్టం కింద నేను దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజుల గడువు వచ్చే నెల మొదటి వారంలో ముగుస్తుంది. పటం చేతికి రాగానే మీకు ఒక ప్రతి పంపుతాను, రాకపోతే ఆ సంగతీ రాస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.